రెండు సెకన్ల తేడా

మిర్చి కోల్డ్ స్టోరేజీలో గదుల చలిని గంటగంటకూ పుస్తకంలోకి ఎక్కించడం నా ఉద్యోగం. చదువు పదో తరగతితో ఆగింది. భూకంపాల లెక్క మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క ఇంటికి మూడు కిలోమీటర్లలో సున్నపురాయి క్వారీ ఉంది. అక్కడి పేలుళ్లకు రెండేళ్లుగా ఆమె గోడలు బీటలు వారుతూనే ఉన్నాయి. ఒక ఉదయం ఊరంతా ఊగింది. తూర్పు గోడ పైనుంచి కిందిదాకా చీలింది. క్వారీ మేనేజరు వచ్చి, "భూకంపం అండీ, మాదేం లేదు" అన్నాడు. పేలుడే అని తేలితే గోడలన్నీ కట్టిస్తామని పెద్దల ముందు ఒప్పుకున్నాడు కూడా.

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇన్నాళ్లూ ఆ పుస్తకాలేగా నమిలావు. తేల్చిపెట్టు."

భూమి అదిరినప్పుడు రెండు అలలు బయల్దేరతాయి. మొదటిది త్వరగా వచ్చి సన్నగా వణికిస్తుంది. రెండోది వెనకబడి వచ్చి ఊపేస్తుంది. దూరం పెరిగేకొద్దీ వాటి మధ్య తేడా పెరుగుతుంది. ఒక్కో సెకను తేడాకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరం. మూడు చోట్ల సీసీ కెమెరాల రికార్డు అడిగి చూశాను: మా స్టోరేజీ, పిడుగురాళ్ల రోడ్డులో పెట్రోలు బంకు, అక్క ఊళ్లో పాలకేంద్రం. వాటి గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. నాకు అక్కర్లేదు, తేడా చాలు. పాలకేంద్రంలో మేకులకు వేలాడే కొలపాత్రలు ముందు వణికాయి, రెండు సెకన్ల తర్వాత ఊగాయి. అంటే పదహారు కిలోమీటర్లు. క్వారీ పేలుడైతే అర సెకను కూడా ఉండకూడదు. నాలుగుసార్లు చూశాను. మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తే క్వారీకి ఎంతో దూరాన, కృష్ణా నది వైపు గుట్టల దగ్గర కలిశాయి.

అది భూకంపమే.

లెక్కంతా కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ చదివాను. పాత బీటలు దీనివల్ల వచ్చినవి కావని కూడా చెప్పాను.

"వాటికి లెక్కుందా అండీ?" అన్నాడు మేనేజరు.

లేదు. ఆ పేలుళ్లప్పటి రికార్డు ఎవరూ దాచలేదు.

"సొంత తమ్ముడే చెప్పాడు కదమ్మా" అని అతను అక్క వైపు చూసి నవ్వాడు. కార్యదర్శి "బీటలకు కారణం భూకంపం" అని రాశాడు. ఒక్క గోడకే అని రాయమన్నాను. "మీరు చదివిందేగా నేను రాసింది" అన్నాడు.

సంతకాలకు ముందు అక్క నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. "లెక్క తప్పిందని ఒక్క మాట చెప్పరా. నీదేం పోద్ది?"

"తప్పలేదక్కా."

"నాకు తెలుసులేరా. తెలిసే అడుగుతున్నా."

తల అడ్డంగా ఊపాను. అంతలో క్వారీలో మధ్యాహ్నం పేలుడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. లోపల మేనేజరు వాచీ చూసుకుని, "భోజనాల వేళైంది, సంతకాలు కానివ్వండి" అన్నాడు.

అక్క నా చెయ్యి వదిలేసి ఇంటిదారి పట్టింది. నేను ఆ గడప తొక్కి మూడేళ్లయింది.