ఘాటు రాకపోతే నేను మంచిదాన్నే

నిన్నటి నుంచి నాకు గొంతు లేదండీ. కోపం మాత్రం నిండుగా ఉంది. గొంతు ఎలా పోయిందో వినండి.

మా చెల్లెలి కూతురు లాస్య మా ఇంట్లో ఉండి తిరువూరులో ఇంటర్ చదువుతోంది. వాళ్ళది గంపలగూడెం అవతల పల్లె. ఆటోలు నమ్ముకుంటే కాలేజీకి అందదు. పొద్దున్నే లేపేది నేను. బాక్సు కట్టేది నేను. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే అరిచేదీ నేనే.

నిన్న ఆదివారం. నేను బియ్యం చెరుగుతున్నా. అది ఫోన్‌లో స్నేహితురాలితో ఏదో మంత్రాల నవలల సిరీస్ గురించి మాట్లాడుతోంది. అందులో అమ్మానాన్న లేని పిల్లని మేనమామ, అత్త గొడ్లపాకలో పడుకోబెట్టి తిండికి మాడుస్తారట.

"వాళ్ళు చెడ్డవాళ్ళు కాదే! ఫ్యాన్స్ రాసిన థియరీ చదవలేదా? ఆ పిల్ల లంగా అంచులో మంత్రగాడి ఉంగరం కుట్టేసి ఉంది. దాని విషం ఇల్లంతా పాకింది. పాపం, వాళ్ళ తప్పేం లేదు."

అయ్యో పాపం అనుకున్నా నేను కూడా.

"మా పెద్దమ్మా అంతే. మంచిదే. ఈ ఇంట్లోనూ అలాంటిదేదో ఉంది!"

చేట కింద పెట్టాను.

"ఏముందే? నీ తడి తువ్వాలా?"

"అయ్యో, నేను నిన్ను సపోర్ట్ చేస్తున్నా పెద్దమ్మా!"

నా మంచితనానికి దయ్యం సాక్ష్యం కావాలా! ఒళ్ళు మండిపోయింది. అరుస్తుంటే మా అత్తగారు వచ్చారు. సంగతంతా విన్నారు. నా వైపు మాట్లాడతారనుకున్నా.

"పిల్ల చెప్పింది నిజమేనేమో అమ్మాయ్. కాపురానికొచ్చిన కొత్తలో నువ్విలా లేవు. దిష్టే!"

ఆపేలోపే ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పేశారు. నాలుగైదు కాదు. దోసెడు! నా కోపానికి అంత కావాలట. గ్యాసు మీద మూకుడులో పోశారు.

"ఘాటు రాలేదా, దిష్టి ఉన్నట్టే. వచ్చిందా, లేనట్టే."

లాస్య చేతులు జోడించి, "రాకూడదు, రాకూడదు" అంటోంది. దాని మొహం చూస్తే ఏదోలా అయింది. కోపం దిష్టిదే, నేను మంచిదాన్నే అని తేలాలని దానికంత ఆశ! నాకూ ఆశ పుట్టింది. సిగ్గు విడిచి ఊపిరి బిగబట్టాను.

పొగ లేచింది. మావారు గుమ్మంలో ఆగకుండా తుమ్ముతూ, "ఘాటే లేదు" అన్నారు. అత్తగారు కళ్ళ నీళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ, "నాకూ రాలేదు" అన్నారు. లాస్య ముక్కు మూసుకుని తలూపింది. ఎదురింటావిడ రోడ్డు మీద నుంచి దగ్గుతూ అరిచింది.

"ఏమండోయ్! ఏం తగలబెడుతున్నారు?"

ఇంటిల్లిపాదీ నా కోసం అబద్ధాలాడుతున్నారు! అంటే రోజూ నన్ను ఎంతగా భరిస్తున్నారు వీళ్ళు? ఇంకా మండింది. "ఆపండి!" అని అరవబోయి నోరు తెరిచాను. పొగంతా నా గొంతులోకే పోయింది. దగ్గి దగ్గి కూలబడ్డాను. అంతే, మాట పోయింది.

ఇవాళ లాస్య ఫోన్‌లో చెబుతోంది: "థియరీ కరెక్టే! నిన్నటి నుంచి మా పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. ఎంత శాంతంగా ఉందో!"

మంచం మీద తడి తువ్వాలుంది. నేను శాంతంగా దాన్నే చూస్తున్నా. ఈ గొంతొక్కటి రానివ్వండి.