హన్మవ్వ వడ్డించిన బంతి

బోధన్ దాటి కొంచెం దూరం పోతే, చెరుకు తగ్గి వరి పెరిగిన ఊరొకటుంది. అక్కడి అంగన్‌వాడీలో గంగమణి ఆయమ్మ. పొద్దున ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగేసుకొస్తుంది, మధ్యాహ్నం గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతుంది. పెట్టి ఊరుకోదు, ఎదురుగా కూర్చుని తినేదాకా కదలదు. గుడ్డును కొంగులో చుట్టి ఇంటికి పట్టుకుపోయేవాళ్ళను గుమ్మం దగ్గరే పసిగడుతుంది.

"కడుపుతోనున్నది నువ్వా, మీ ఆయననా?" అంటుంది. అందరూ నవ్వుతారు, గుడ్డు మళ్ళీ పళ్ళెంలోకి వస్తుంది.

ఇంత మాటకారి నోరు ఒక్క హన్మవ్వ ఇంటి ముందు మాత్రం మూతపడేది.

హన్మవ్వది తిండికి లోటున్న ఇల్లు కాదు. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలను కూడా వాకిట్లో కూర్చోబెట్టి కడుపునిండా పెట్టిన చెయ్యి ఆమెది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. కోడలు జ్యోతిరాణికి ఆరో నెల. నర్సమ్మ పరీక్ష చేస్తే పదకొండు ఉండాల్సిన రక్తం ఏడు దగ్గరే ఉంది. ఇట్లాగే ఉంటే కాన్పులో ప్రాణం మీదికి వస్తుందని, మాత్రలు మింగి రోజూ అంగన్‌వాడీలో తినమని చెప్పింది. మాత్రల దాకా హన్మవ్వ ఒప్పుకుంది. కోడలు సర్కారు బువ్వకు పోతే మాత్రం అత్త పెట్టడం లేదని ఊరనుకోదా?

అసలు సంగతి గంగమణికి తెలుసు. ఆ ఇంట్లో ముందు మగవాళ్ళు తింటారు, తర్వాత అత్త, ఆఖరికి కోడలు. అప్పటికి గిన్నెలో పప్పు ఉండదు, పప్పు మీది నీళ్ళుంటాయి. అందులో హన్మవ్వ చెడ్డతనమేమీ లేదు. ఆమె కోడలిగా ఉన్నప్పుడూ అట్లాగే తిన్నది.

ఒకరోజు గంగమణి ఆగలేక, అన్నం డబ్బాలో సర్ది పట్టపగలు బజారు మీదుగా వాళ్ళింటికే తీసుకుపోయింది. హన్మవ్వ అరుగు మీద నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని ఉంది.

"ఏందే గంగమణీ, మా ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదని ఎవలన్న జెప్పిండ్రా?"

"అది గాదత్తా, పిల్లకు రక్తం తక్కువున్నది గదా."

"రక్తం నీ డబ్బల పోసుకొచ్చినవా?"

అరుగంతా నవ్వింది. హన్మవ్వ డబ్బా తీసుకుని, అందరూ చూస్తుండగానే బర్రె కుడితిలో కుమ్మరించి, కడిగి మరీ తిరిగిచ్చింది. మర్నాటి నుంచి జ్యోతిరాణి బరువు చూపించుకోవడానికి కూడా రావడం మానేసింది.

"నేనే జెడగొట్టిన టీచరమ్మా," అంది గంగమణి, అంగన్‌వాడీ టీచర్ భాగ్యలక్ష్మితో.

నెలకోసారి అంగన్‌వాడీలో తల్లులకు వంట చూపించి, ఏది తింటే ఏం బలమో చెప్తారు. ఆ రోజు దగ్గరపడుతుంటే గంగమణి మళ్ళీ హన్మవ్వ అరుగెక్కింది. ఈసారి వట్టి చేతులతో.

"అత్తా, ఈసారి గంగవాయిలి కూర పప్పు జేసి సూపియ్యాలె. నువ్వొస్తవా?"

"నా కోడలి కోసమే ఈ నాటకం. నాకు తెల్వదా?"

"నీకు తెల్వకుంట ఏముంటది. రానంటే ఈరవ్వను పిలుస్తమని అంటున్నది టీచరమ్మ."

ఊళ్ళో వంటకు తనతో పోటీపడే ఈరవ్వ పేరు వినగానే హన్మవ్వ వక్క నమలడం ఆపింది.

"దాని పప్పు నోట్ల బెడితే నీళ్ళల్ల ఆకు తేలినట్టుంటది. ఊరందరికి గదే నేర్పుతరా?"

ఆ రోజు పొద్దున్నే హన్మవ్వ దిగింది. ఆకు తనే ఏరింది, పప్పు తనే ఎనిపింది. ఎల్లిపాయ పోపు వాసన బజారు దాకా పోయింది. పెద్ద గిన్నె మోయడానికి కోడలిని వెంట తెచ్చుకుంది, కానీ గుమ్మం దగ్గరే నిలబెట్టింది. గంగమణి తల్లులను వరసగా కూర్చోబెట్టి బంతి వేసింది. వండిన ఆమెనే వడ్డించమంది. అక్కడి పద్ధతే అది. వండిన చెయ్యి వడ్డించాలి, బంతిలో వేసిన పళ్ళెం ఖాళీగా మిగలకూడదు. హన్మవ్వ వరసగా వడ్డిస్తూ వచ్చి చివరి పళ్ళెం దగ్గర ఆగింది. దాని ముందర ఎవరూ లేరు.

"గిదెవలిది?"

"నువ్వు ఎవలిని కూసోబెడితే వాళ్ళది అత్తా," అంది గంగమణి. ఈసారీ చెడితే ఇక ఆ పిల్లకు దారి లేదు.

హన్మవ్వ గరిట గిన్నెలో ముంచింది, మళ్ళీ పైకి తీసింది. అందరూ చెయ్యి కడుక్కుని చూస్తున్నారు. చివరికి గుమ్మం వైపు తిరగకుండానే అంది.

"నిలబడ్డవేందే, కూసో. ఇది నా చేతి బువ్వ. నా బువ్వ నా కోడలు తింటే అనేటోళ్ళెవలు?"

జ్యోతిరాణి కూర్చుంది. గిన్నె అడుగు దాకా గరిట పెట్టి చిక్కటి పప్పు వేసింది అత్త. గంగమణి పక్క నుంచి గుడ్డు పెట్టబోతే చేతిలోంచి లాక్కుని తనే పెట్టింది.

ఆ మర్నాటి నుంచి హన్మవ్వ పప్పు చూసే మిష మీద కోడలిని వెంటబెట్టుకుని రోజూ రావడం మొదలుపెట్టింది. గంగమణి వేసిన పోపుకు రోజూ ఒక వంక. గంగమణి అన్నీ పడింది. ఇంట్లో కూడా అత్త తన పప్పు ముందే తీసి పక్కన పెడుతోందని జ్యోతిరాణి గుట్టుగా చెప్పింది.

ఎనిమిదో నెలలో గంగమణి అత్తాకోడళ్ళ వెంట బోధన్ దవాఖానకు పోయింది, అక్కడ మళ్ళీ పరీక్ష చేశారు. రక్తం పది దగ్గరికి వచ్చింది, ఇంకొంచెం పెరిగితే భయం లేదన్నారు. తిరుగు బస్సులో హన్మవ్వ పక్క సీటు ఆమెకు కథంతా చెప్పుకొచ్చింది.

"మా అంగన్‌వాడిల పప్పు నేనే దగ్గరుండి జేపిస్త. ఆ ఆయమ్మకు పోపు సుత సరిగ రాదు."

వెనక సీట్లో గంగమణి జ్యోతిరాణి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"అవునత్తా," అంది, "నాకు రాదు."