ఐస్ ప్లాంటులో నిన్నటి జాబితా

ఆడపిల్ల కంప్యూటర్లలో పైకొస్తే మనవాళ్లు వెంటనే శాలువా తెస్తారు. నీలిమకు శాలువా కప్పాలనుకునేవాళ్లు ముందు జగ్గారావు సంగతి వినాలి.

జగ్గారావు ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు ఆపరేటర్. ఏ బోటుకు ఎప్పుడు ఐస్ ఇవ్వాలో గోడమీది తెర చెబుతుంది. వారంగా ఆ తెరమీద కొన్ని వరసలు నిన్నటివే ఉంటున్నాయి. జగ్గారావు తనవాళ్లను ముందుకు తోస్తున్నాడని వంతు తప్పినవాళ్లు గొడవ చేశారు. శనివారంలోగా సంగతి తేలకపోతే పని మానుకోమంది యాజమాన్యం.

తెరను నడిపే పెట్టె రుషికొండలో నీలిమ పనిచేసే చిన్న కంపెనీది. అందులోని కెర్నెల్‌ను, అంటే డిస్కుకూ మెమరీకీ ప్రోగ్రాములకూ మధ్య పెత్తనం చేసే భాగాన్ని, చూసేది ఆమే. శుక్రవారం తెల్లవారకముందే గోపాలపట్నం నుంచి స్కూటీ మీద వచ్చింది. అంతకుముందు కంపెనీ నుంచి వచ్చిన ముగ్గురికీ తప్పు కనబడలేదు. కనబడదు మరి. వాళ్లొచ్చేలోపే జగ్గారావు ఆ పెట్టె స్విచ్ ఆపి మళ్లీ వేసేవాడు.

"తెర తిక్కగా ఉంటే ఆపి ఏత్తాను మేడమ్. సక్కగైపోద్ది. ఏటి, తప్పా?"

"మీరు ఏ తప్పూ చెయ్యలేదనడానికి సాక్ష్యం తెరమీది ఆ తప్పొక్కటే బాబాయ్. రోజూ మీరే తుడిచేస్తన్నారు. ఇవాళ ముట్టుకోకండి. బోట్లను కాగితం మీది జాబితా చూసి పిలవండి."

వంతు తప్పినవాళ్లలో ఒకడు, బోటు యజమాని వరహాలు, గుమ్మంలో నిలబడి నవ్వాడు. "మా బావకి వకీలు దొరికింది."

నీలిమ పెట్టెలో వెతికితే, డిస్కులో కొత్త జాబితా ఉంది. తెర చదువుతున్నది మెమరీలో మిగిలిన పాత నకలు. కొత్త జాబితా మెమరీని తాకకుండా నేరుగా డిస్కులోకి పోతుంది; వెంటనే పాత నకళ్లను కెర్నెల్ పారేయాలి. ఒక పేజీని, అంటే మెమరీలో ఒక ముక్కను, మాత్రం తెర ప్రోగ్రాము పట్టుకుని వదలలేదు. వదలడం లేదని కెర్నెల్ జవాబు కూడా ఇచ్చింది. ఆ జవాబు వినాల్సిన కోడు వినకుండా ముందుకెళ్లిపోయింది.

ఆ కోడు ఎవరు రాశారో చూసింది. రెండేళ్ల కిందట, తనే.

డిస్కు పాడైందంటే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. నీలిమ ప్లాంటు మేనేజరునూ వరహాలునూ పిలిచి డిస్కులోని జాబితా, మెమరీలోని జాబితా పక్కపక్కన చూపించింది.

"అయితే మా బావ దొంగ కాడన్నమాట. మరి తప్పెవరిది?" అన్నాడు వరహాలు.

"నాది."

ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి కోడు మార్చింది: పాత పేజీని ముందు విడిపించి పారేయాలి, అప్పటికీ వదలకపోతే ఆ సంగతి పైకి చెప్పాలి.

శనివారం పొద్దున జాబితా సరిగ్గా వచ్చింది. అయినా జగ్గారావు చెయ్యి అలవాటుగా స్విచ్ వైపు పోయింది.

"సెయ్యి తియ్యి బావ," అన్నాడు వరహాలు. "ఉజ్జోగం ఉంది కదేటి, ఐసు ఎయ్యి."