నడుముకు మూడు టర్కీ గుడ్లు

ఈ యేడు ఏడో తరగతి పరీక్షలో నన్ను హాల్లోంచి లేపి వరండాలో కూచోబెట్టిన్రు. ఈ సంగతి తాండూరంతా తెలిసిపోయింది, ఇంక దాచేదేముంది. కని చిట్టీలు దొరికినందుకని కొందరు, పక్క పిల్లది చూసి రాసినందుకని కొందరు చెప్పుకుంటున్నరు. రెండూ అబద్ధమే. నా నడుముకు దొరికినవి గుడ్లు. టర్కీ కోడి గుడ్లు. వాటిని నేను పొదుగుతున్న. పొదగాల్సిన ఖర్మ నాకెందుకు పట్టిందో వింటే, తప్పు ఎవరిదో మీరే చెప్తరు.

మా ఇంటి వెనక మహబూబ్ బీ ఖాలా ఉంటది. ఆమె దగ్గర ఒక టర్కీ జోడు ఉండె. చలికాలం పోతుండంగ ఆ పెట్టను అడవిపిల్లి ఎత్తుకపోయింది. మిగిలింది ఒంటరి పుంజు, ఐదు గుడ్లు. ఖాలా ఆ గుడ్లను కొంగులో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"బేటీ, మీ కోడి పొదుగుకు వచ్చిందంట గద. జర ఇవి దాని కింద పెట్టు. పిల్లలు లేస్తే సగం నీకు, సగం నాకు."

మా దిక్కు ఇట్ల పాలుకు ఇచ్చుడు అలవాటే. మేకనో దూడనో ఒకరిది, సాకేది ఇంకొకరు, పుట్టినవి చెరిసగం. నేను సంతోషంగా ఒప్పుకున్న. అప్పుడు మా నాయనమ్మ నడుమల దూరింది.

"ఒట్టి టర్కీ గుడ్లే పెడితే కోడికి అనుమానం రాదే? గింత పెద్ద గుడ్లు నేనెప్పుడు పెట్టిన అని లేచిపోతది. మన కోడిగుడ్లు కూడ నాలుగు కలుపు."

పెద్దామె మాట అని కలిపిన. మూడు వారాలకు కోడిగుడ్లు పగిలి పిల్లలు లేచినయి. కోడి వాటిని వెంటేసుకొని దర్జాగా పెంటకుప్ప మీదికి పోయింది. టర్కీ గుడ్ల దిక్కు వెనక్కి తిరిగి కూడ చూడలే. బుజ్జగించి తెచ్చి గంప కింద మూస్తే లోపల అది చేసిన లొల్లికి వాడంతా లేచి వచ్చింది. దాని పని అయిపోయిందట. దానికి ఖాలాతో పాలు ఒప్పందం లేదు గద.

నేను ఖాలా దగ్గరికి ఉరికిన.

"ఖాలా, నీ గుడ్లు మురిగినయి."

"మురగలే. కోడికి మూడు వారాలు, పీరూకు నాలుగు. ఇంక వారం ఉన్నది."

ఆమె టర్కీని పీరూ అంటది.

"ఆ ముక్క మొదలే చెప్పొద్దా?"

"నువ్వు అడగలే. అన్నీ చదువుతవు గద బేటీ, తెలుసనుకున్న."

అన్నీ చదువుత, నిజమే. బడికి పంపకుంటే కిరాణం పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చింతపండు కట్టిన కాగితం ఉతికి ఆరేసి మరీ చదివిన. కని ఇన్నేండ్లలో ఒక్క పొట్లం మీదనన్న టర్కీ నాలుగు వారాలు పొదుగుతదని అచ్చేసిన పుణ్యాత్ముడు లేడు. అది నా తప్పా?

వాడలో ఇంకో పొదుగు కోడి కోసం ఇల్లిల్లు తిరిగిన. దొరకలే. నాయనమ్మ గుడ్లను గంపలో పెట్టి పొయ్యి పక్కన ఉంచింది. ఒకటి ఉడికింది. దాన్ని తీసేటప్పుడు ఇంకొకటి ఆమె చేతుల పగిలింది. మిగిలిన మూడింటిని నేను గుంజుకున్న. నాయన పాత తలరుమాలు చింపి, గుడ్లను పత్తిలో చుట్టి నడుముకు కట్టుకున్న. పగలంతా అట్లనే, రాత్రి గోడకు ఆనుకొని కునుకు. పక్కకు ఒరిగితే చితికిపోతయి.

"నాయనమ్మా, ఒక్క పూట నువ్వు కట్టుకోవే, నడుం ఇరుగుతున్నది" అన్న.

"ఏడుగురిని మోసిన బిడ్డా. నా వంతు అయిపోయింది" అన్నది ముసలామె.

ఇదంతా పరీక్ష వారంలో. నేను ప్రైవేటుగా కడుతున్న. ఏడు పాసైతే గ్రామసేవిక ట్రైనింగుకు తీసుకుంటరని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పోయిన యేడు లెక్కల్లో తప్పిన. మా నాయన బండలు కోసే మిషన్లో పని చేస్తడు, మాటలు కూడ బండల్లాగే పడతయి.

"లెక్కలు చేస్తున్నవా, కోడి అవతారం ఎత్తినవా?"

"రెండూ చేస్తున్న నాయనా. ఈసారి గుడ్ల వల్ల చదువు జర ఎనకబడ్డది."

"పోయిన యేడు ఏ గుడ్లు లేకుండనే తప్పినవ్ గద. ఈసారి గూడ తప్పితే ఆ పుస్తకాలు ఖాలా పొయ్యిలకు పోతయి. చెప్పిన, విన్నవ్."

విన్న. అందుకే గుడ్లను ఇంట్లో విడిచిపోలే. నాయనమ్మ పొయ్యి మీద నాకు నమ్మకం లేదు.

పరీక్ష నాడు పొద్దుగాల బండికి వికారాబాద్ పోయిన. పొద్దున తెలుగు, పగటాల లెక్కలు. రైల్లో ఎవరూ పక్కన కూసోకుండ దగ్గుకుంట పోయిన. స్టేషన్ నుంచి బడి దాకా పెద్దోళ్ల లెక్క అడుగు తీసి అడుగేసిన. ఒక ముసలామె నన్ను చూసి, "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. "నాలుగో వారం" అని చెప్పి ముందుకు పోయిన.

హాల్లో కమలాబాయి అనే టీచరమ్మ. పేపర్ ఇయ్యకముందే ఒక్కొక్క పిల్లను లేపి తడిమి చూస్తున్నది. నా దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి వేసింది.

"ఏమిటిది?"

"గుడ్లు టీచర్."

"పరీక్షకు గుడ్లెందుకు?"

"పొదుగుతున్న."

ఆమె నా ముఖం చూసింది. వెక్కిరిస్తున్నననుకున్నది. "విప్పు" అన్నది. విప్పిన. పత్తి తీయంగనే ఒక గుడ్డు మీద చిన్న బొక్క, అందులో ముక్కు. ఆ ముక్కు కీ అన్నది. హాలంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలే. ఆమెకు కోళ్ల సంగతి తెలిసినట్టున్నది. పగిలిన గుడ్డును రెండు చేతుల్లోకి తీసుకున్నది.

"ఇది ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తుంది. దీన్ని నేను చూస్తాను, నువ్వు రాసుకో. మిగతా వాటితో వరండాలో కూర్చో. ఇక్కడ కీచుమంటే అందరి ధ్యాస పోతుంది."

అట్ల నేను బయట పడ్డ. తెలుగు బాగనే రాసిన. తలెత్తి కిటికీలోంచి చూసినప్పుడల్లా టీచరమ్మ కొంగులో చెయ్యి పెట్టుకొని కుర్చీలో కదలకుండ కూచున్నది. గంట కొట్టే వేళకు పిల్ల బయటికి వచ్చింది, ఆమె అరచేతిలో. అది కండ్లు తెరిచి చూసిన మొదటి ముఖం ఆమెది. వారం రోజులు కడుపుకు కట్టుకొని మోసిన నాది కాదు.

పగటాలకు ఆ పిల్ల తడారి, బూరు లేచి, కాళ్ల మీద నిలబడ్డది. లెక్కల పేపర్ పంచిన్రు. టీచరమ్మ దాన్ని బల్ల మీద అట్టపెట్టెలో పెట్టి పరీక్ష రాసేటోళ్లను చూడను లేచి రెండడుగులు వేసింది. అంతే, అది గొంతు చించుకున్నది. మళ్ల ఎత్తుకున్నది, ఊరుకున్నది. పెట్టెలో పెట్టింది, అరిచింది. విసిగి కింద విడిచింది. ఇంక ఆమె ఎటు పోతే అటు, ఆమె చీర అంచు పట్టుకొని, కీ కీ కీ.

తర్వాత జరిగింది వరండాలో ఉండి కిటికీలోంచి చూసింది నేనొక్కదాన్నే. కీ కీ ముందు వరుసలో వినపడితే వెనక వరుస మెడలన్నీ పక్కకు సాగుతున్నయి. కీ కీ వెనకకు పోతే ముందు వరుస కాగితాలు చేతులు మారుతున్నయి. ఎవరూ తలెత్తి టీచరమ్మ ఎక్కడున్నదో చూడాల్సిన పని లేదు. స్టేషన్ దగ్గర ఉండే మా తాండూరు పిల్ల రత్నమాల, అణాలను నయా పైసల్లోకి మార్చే లెక్క మొత్తం ముందు పిల్ల వీపు మీద నుంచి చూసి దించుకున్నది. చెవులు టర్కీ దిక్కు, కండ్లు పేపర్ దిక్కు.

నాకు కడుపు మండింది. నేను కాపీ కొడుతనని కాదు. కని అందరికీ ఉన్న అవకాశం నాకు కూడ ఉండాలె గద. వరండాలో నా పక్కన ఎవరున్నరు, ఒక మంచినీళ్ల కుండ.

టీచరమ్మ తలుపు దాకా వచ్చినప్పుడు చెప్పబోయిన. "టీచర్, లోపల…"

"నీ గుడ్ల సంగతి నువ్వు చూసుకో అమ్మాయీ" అని మళ్లిపోయింది. వెనక కీ కీ.

గుడ్ల సంగతి చూసుకున్న. ఎందుకంటే సరిగ్గ భిన్నాల లెక్క మొదలు పెట్టంగనే నా ఒడిలో రెండూ ఒకటేసారి పగలబట్టినయి. ఒక చేత్తో పిల్లను పట్టుకొని ఇంకో చేత్తో భిన్నాలు చేసి చూడండి, తెలుస్తది. తడి పిల్ల ఒకటి జవాబు కాగితం మీద పండుకున్నది. దాన్ని లేపబుద్ధి కాలే. దాని కిందున్న లెక్క అట్లనే ఉండిపోయింది.

సాయంత్రం ఆ మొదటి పిల్ల నాతో రానన్నది. నేను ఎత్తుకుంటే తన్నుకున్నది. టీచరమ్మ కొంగులో పడంగనే కండ్లు మూసుకున్నది. "ఉండనీయమ్మా, దీన్ని నేనే పెంచుకుంటాను" అన్నది ఆమె. పరీక్ష పేపరు ఇంకా ఆమె చేతిలో ఉండంగ నేను కాదని ఎట్లంట?

మిగిలిన రెండింటినీ ఇంటికి తెచ్చి సాకిన. టర్కీ పిల్లంత మొద్దు జీవి ఇంకోటి లేదు. ముందు గింజ పోస్తే గింజ మీద నిలబడి ఆకలికి ఏడుస్తది. జొన్న రవ్వ, తరిగిన ఉల్లికాడ, ఉడకబెట్టిన గుడ్డు కలిపి పళ్లెంలో పెట్టి, నేనే వేలితో టకటక పొడిచి చూపించాలె. పొద్దుగూకులు అదే పని. నాయనమ్మ చూసి, "వేలెందుకే, ముక్కుతోటి పొడువు, ఇంక తొందరగ నేర్చుకుంటయి" అనేది.

అవి తినుడు నేర్చిన నాటికి రిజల్టు వచ్చింది. మా హాల్లో అందరూ పాస్. నేను లెక్కల్లో ఫెయిల్. నాయన పుస్తకాలు సదిరి ఖాలా ఇంటికి మోసుకపోయిండు. ఆమె తీసుకోలే. "నా పీరూల కోసమే పోరి తప్పింది భాయ్, ఇంకొక్కసారి కట్టనీ" అని వాపస్ పంపింది. నాయన మెత్తబడ్డడు. లెక్కలకు ట్యూషన్ కూడ మాట్లాడిండు. ఎవరి దగ్గరనుకున్నరు? రత్నమాల దగ్గర. హాల్లో అందరికంటే లెక్కల్లో ఆమెకే ఎక్కువ వచ్చినయట.

ఫీజు వద్దట ఆ మహాతల్లికి. పెరిగిన టర్కీ ఒకటి ఇస్తే చాలట. నాయన ఒప్పుకున్నడు. గ్రామసేవిక ట్రైనింగు కండ్ల ముందు మెదిలి నేను కూడ ఒప్పుకున్న. అంటే పిల్లల్లో ఒకటి టీచరమ్మకు, ఒకటి పాలు కింద ఖాలాకు, ఒకటి రత్నమాలకు. మూడులోంచి మూడు తీస్తే ఎంత మిగులుతదో తెలుసుకోను నాకు ట్యూషన్ అక్కర్లేదు.