బీచ్ వాలా మిషన్

తొంభైల మొదట్లో, వానలు దిగడానికి ముందు, నన్ను మజ్దూరు పని నుంచి మేటు పనికి ఎక్కించారు. అండమాన్‌లో మాయాబందర్‌కీ రంగత్‌కీ మధ్య, ట్రంకు రోడ్డు దిగి సముద్రం వైపు నడిస్తే వచ్చే ఒక సర్కారీ కొబ్బరి ఫారం అది. మేటంటే ఆఫీసరు కాదు. మజ్దూర్లందరికన్నా ఒక మెట్టు పైన, ఆఫీసులో అందరికన్నా కింద. పొద్దున్నే హాజరు పలకడం, ఎవరికి ఏ పనో, ఎవరి చేతికి ఏ కత్తో పంచడం, సాయంత్రం ఆ సామాను మళ్లీ స్టోరులో అప్పజెప్పడం మేటు పని. నాకు అక్షరాలు అంతగా రావు, పేర్లన్నీ నోటికే పలికేదాన్ని. పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే సాబ్ ముందు మొదట నిలబడేదీ మేటే. పని చెప్పింది మేటే కాబట్టి.

మా ఆయన అడవి పనిలో చైన్ మిషన్ పట్టేవాడు. పెట్రోలుతో తిరిగే రంపం అది, మానుల్ని పడగొట్టడానికి. ఒక గుర్జన్ మాను దగ్గర మిషన్ ఎదురు కొట్టింది. ఎదురు కొట్టడమంటే, చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీ కొస దేనికైనా తగిలితే కొయ్యను కోయకుండా మిషన్ మొత్తం ఎగిరి మనిషి మీదకి వస్తుంది. ఆయన దాని కిందే పోయాడు. పక్కనుండి ఆపబోయినవాడు బిర్సా. అతని ఎడమ చెయ్యి విరిగి, అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఆ సంగతి ఇంతకన్నా చెప్పను. తర్వాత నాకు ఫారంలో పని ఇచ్చారు. కొన్నాళ్లకి బిర్సా కూడా అడవి పని చేయలేక అక్కడికే వచ్చాడు.

బిర్సావాళ్లది రాంచీ వైపు. మా ఆయనతో ఏళ్లతరబడి తిరిగి తెలుగు పట్టేశాడు, మధ్యలో హిందీ కలిపి మాట్లాడేవాడు. నన్ను దీదీ అనేవాడు. అడవిలో ఆపరేటరు అనిపించుకున్న మనిషి ఫారంలో కొబ్బరికాయలు మోసేవాడు. మోస్తూ ఒక్కనాడూ సణగలేదు. కానీ రోడ్డు మీద దుంగల లారీ పోతుంటే, అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూసేవాడు.

ఫారంలో ముఖ్యమైనది బట్టీ. మెయిన్‌ల్యాండులో కొబ్బరి ఎండలో ఎండుతుంది. ఇక్కడ ఏడాదిలో సగం పైగా వానే, కాబట్టి కొబ్బరి చిప్పల్ని తడికల మీద పరిచి కింద నిప్పు పెట్టి ఎండబెడతారు. డొక్కలూ పీచూ వేస్తే మంట భగ్గున లేచి చప్పున ఆరిపోతుంది. రాత్రంతా సన్నగా నిలిచే వేడి కావాలంటే లావు కట్టె ఉండాలి. గాలికి పడిన చెట్లూ, ముసలి కొబ్బరి మొద్దులూ ఫారంలో ఎన్నో ఉండేవి. వాటిని ఇద్దరు లాగే రంపంతో కోసేవాళ్లం. కొబ్బరి మొద్దు పైకి మెత్తగా కనిపిస్తుంది, పళ్లు మాత్రం అరగదీస్తుంది. ఆ ఏడు కట్టె చాలక కొబ్బరి బూజు పట్టింది. అందుకని ఒక చైన్ మిషన్ కొనడానికి పైనుంచి అనుమతి వచ్చింది.

మా మేనేజరు ప్రసాదరావుగారు రాజమండ్రి వైపు మనిషి. బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు. పంటల సంగతి బాగా తెలిసినవాడు, మాట మెత్తన. హిందీ అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. ఆయన నన్ను పిలిచి, మిషన్ పట్టేది ఎవరు, ఎలాంటిదైతే బాగుంటుంది అని అడిగాడు. పట్టేది బిర్సాయే అని చెప్పాను. అతనికి తప్ప ఎవరికీ ఆ పని రాదు. ఎలాంటిది అన్నదానికి నా మనసులో ఒక్కటే ఉంది. ఆ వంకర చెయ్యి మొయ్యగలిగేది. అందుకని ఇలా అన్నాను:

"బిర్సాకి హల్కాది చాలు సాబ్."

మా దీవుల్లో తెలుగువాళ్లం తేలిక అనడం మరిచిపోయి హల్కా అంటాం. బరువు లేనిదాన్ని అలాగే అంటాం. బజార్లో మాత్రం హల్కా మాల్ అంటే నాసిరకం సరుకు. హల్కా ఆద్మీ అంటే విలువ లేని మనిషి. నేను మొదటి అర్థంతో అన్నాను. మేనేజరుగారికి పోర్ట్‌బ్లెయిర్ బజార్లో చెవినపడింది రెండోది. చవకది చాలంటోంది కాబోలు అనుకుని ఆయన సంతోషించాడు. మూడు కొటేషన్లు తెప్పించి అన్నిటికన్నా తక్కువదే కొనాలన్నది ఆఫీసు రూలు. ఎక్కువదాన్ని కొంటే ఎందుకు కొన్నారో కారణం రాయాలి.

బిర్సా అప్పుడు వరండాలో కత్తులకు నూనె రాస్తున్నాడు. అతను విన్నది మూడో అర్థం.

నాకది వెంటనే తెలియలేదు. మర్నాడు హాజరు పలికితే "హా" అని ఒక్క ముక్క అన్నాడు. దీదీ లేదు. మధ్యాహ్నం రొట్టె మా గుంపుతో తినకుండా జెట్టీ వైపు వెళ్లి తిన్నాడు. మూడో రోజు నేనే వెళ్లి, ఏమైంది భయ్యా, ఇంట్లో అంతా బాగేనా అని అడిగాను. కత్తి మీద నుంచి కళ్లెత్తకుండా అన్నాడు:

"హల్కా ఆద్మీ ఇంట్లో ఏం అవుతుంది? అంతా హల్కాయే."

అప్పుడర్థమైంది. నీ చెయ్యి బాగులేదు కనుక అన్నానని చెప్పాలి. ఆ చెయ్యి ఎందుకు బాగులేదో ఇద్దరికీ తెలుసు. మా ఆయన పోయినప్పటి నుంచి మేమిద్దరం ఆ రోజు గురించి ఒక్క మాట అనుకోలేదు. నేను వెనక్కి వచ్చేశాను. సాయంత్రం సామాను అప్పజెబుతూ అతనే అన్నాడు, తనకి బడావాలాయే కావాలని, అడవిలో అదే పట్టానని, చిన్నది తెస్తే ముట్టనని. ఇక నాకు నిద్ర లేదు. పెద్ద మిషన్ వస్తే పంతానికి దాన్నే పడతాడు. పొద్దున్నే దాన్ని అతని చేతికి అందించాల్సింది నేనే.

రంగత్‌లో ఇనుప సామాను కొట్టు సెల్వం అనే అతనిది. మేనేజరుగారు అతనికి కబురు పెట్టి, మిషన్లు కొట్లో కాదు, ఫారంలోనే చూపించమన్నాడు. అది ఆయన చేసిన మంచి పని. బల్ల మీద పెట్టిన మిషన్ ఏదైనా బాగానే ఉంటుంది. సెల్వం మూడింటిని జీపులో వేసుకొచ్చి బట్టీ ముందు గోనె మీద వరసగా పెట్టాడు. ఆడవాళ్లంతా పని వదిలేసి చుట్టూ మూగారు. పెళ్లిచూపులకి ముగ్గురిని తెచ్చావా అన్నా అని ఒకామె అంటే, కట్నం మీరే ఇవ్వాలి అక్కా అన్నాడతను.

మొదట చవకది. ఎత్తి చూస్తే మూడింటిలో తేలికైనది కూడా అదే. నా మనసు దాని మీదే ఉంది. బిర్సా దాన్ని రెండు వేళ్లతో ఎత్తి నావైపు చూశాడు. ఆ చూపే తిట్టు. జామకొమ్మ లాంటి సన్న కట్టెల్ని చకచకా కోసింది. కొబ్బరి మొద్దు మీద పెట్టేసరికి సగంలో పొగ వచ్చింది, చైను సాగి పట్టీ మీద వదులైపోయింది. పళ్లు పట్టకపోయేసరికి బిర్సా దాన్ని కిందికి నొక్కడం మొదలుపెట్టాడు. అది చూశాక దాని మీద నాకు ఆశ పోయింది. పదునైన చైను తన బరువుతో తానే దిగాలి, మనిషి నొక్కకూడదు అని మా ఆయన అంటుండేవాడు. నొక్కేవాడు ముందుకి వంగుతాడు. వంగినవాడి మొహం మిషన్‌కి దగ్గరవుతుంది. పైగా దీని చైను తెగితే ఓడలో మద్రాసు నుంచి రావాలని సెల్వమే ఒప్పుకున్నాడు.

తర్వాత బిర్సా మధ్యదాన్ని దాటేసి పెద్దది ఎత్తాడు. ట్యాంకు నిండా పెట్రోలూ, చైన్ నూనే పోసి ఉంది. కొట్లో ఖాళీగా ఎత్తి చూసేవాళ్లు ఈ బరువు లెక్కలోకి తీసుకోరు. మొదటి ముక్క చూసి ఆడవాళ్లు అబ్బో అన్నారు. అంత లావు మొద్దు బెల్లంలా తెగింది. బిర్సా మొహంలో ఎన్నో ఏళ్లుగా లేని వెలుగు వచ్చింది. రెండో ముక్కా అలాగే. మూడోదానికి ఎడమ మోచెయ్యి కొంచెం కొంచెంగా జారుతోంది. అతనికి తెలియడం లేదు. నాకు కనిపిస్తోంది. మిషన్ మోతలో నా కేక ఎవరికీ వినపడదు. పట్టీ కొస మొద్దు వెనకున్న ఇంకో దుంగకి తగిలింది.

మిషన్ ఎగిరింది. పిడి ముందుండే అడ్డు అతని చేతికి తగిలి చైను ఆగిపోయింది. చైన్ బ్రేకు అంటారు దాన్ని. మా ఆయన పట్టిన పాత మిషన్‌కి అది లేదు. పట్టీ బిర్సా మొహానికి జానెడు దూరంలో నిలబడింది. అతను దాన్ని మెల్లగా కిందికి దించి, స్విచ్చి ఆపి, మొద్దు మీద కూర్చున్నాడు. మేనేజరుగారు ముందుకి రాబోయి ఆగిపోయాడు.

నేను మంచినీళ్ల చెంబు తీసుకెళ్లి ఇచ్చాను. తాగేదాకా ఆగి అన్నాను:

"నేను హల్కా అన్నది మిషన్‌ని, భయ్యా. నిన్ను కాదు. నీ చెయ్యి నేను చూస్తూనే ఉన్నాను కదా, ఇన్నాళ్ల నుంచీ."

చెంబు నేల మీద పెట్టాడు. "మాలూమ్, దీదీ. ఆ రోజే మాలూమ్."

"మరి మొహం ఎందుకు తిప్పుకున్నావు?"

"మీరు సాబ్‌కి చెప్పారు. నాకు చెప్పలేదు." కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకున్నాడు. "నాకు చెప్పి ఉంటే నేనే అనేవాణ్ని, ఈ చెయ్యి బడావాలా మొయ్యదని."

కాసేపటికి లేచి మధ్యదాన్ని తీసుకున్నాడు. దాని పట్టీ నా మూరెడు పొడవుంటుంది. దానికీ చైన్ బ్రేకు ఉంది. కొబ్బరి మొద్దుని తొందర లేకుండా కోసింది. ముక్క తర్వాత ముక్క, అతని చెయ్యి జారలేదు. ఆపేసి వెనక్కి తిరిగి సెల్వంతో అన్నాడు, బీచ్ వాలా ఇచ్చేయ్ అన్నా, అని.

మేనేజరుగారు కంగారుపడ్డాడు. "బీచ్‌లో కోసేదా? ఇసకలో చైను పాడవుతుందని ఇందాకే చెప్పావు కదయ్యా సెల్వం."

హిందీలో బీచ్ అంటే నడుమ అని ఆయనకి ఇంకా తెలియదు. సెల్వం నవ్వాపుకోలేక జీపు పట్టుకున్నాడు. సంగతి తెలిశాక అందరికన్నా ఎక్కువ నవ్వింది మేనేజరుగారే. బిర్సా కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన కారణం రాశాడు. తక్కువ ధరది పనికి ఆగదనీ, ఎక్కువది ఆపరేటరుకి ప్రమాదమనీ, మధ్యదానికి చైన్లూ, ఆకురాళ్లూ రంగత్‌లోనే దొరుకుతాయనీ రాసి, నాకు తెలుగులో చదివి వినిపించాడు. పైవాళ్లు ఒప్పుకున్నారు.

ఇక్కడితో అయిపోలేదు. ఫారంలో ఆ మిషన్‌కి బీచ్ వాలా అన్న పేరే నిలిచిపోయింది. మరుసటి ఏడు వానలకి ముందు బిర్సా సెలవు మీద ఊరెళ్లాడు. అతని దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కొత్త మజ్దూర్లకి, గాలికి పడిన మొద్దుల్ని బీచ్ వాలా తీసుకెళ్లి కోయండని నేనే చెప్పాను. వాళ్లు శ్రద్ధగా దాన్ని మోసుకుని సముద్రపొడ్డుకి వెళ్లి, అలలు కొట్టుకొచ్చిన ఇసక దుంగలన్నీ కోసుకొచ్చారు. చైను చూస్తే ముసలమ్మ చిగుళ్లే, పన్ను లేదు. నేనేమనడానికీ లేదు. మిషన్ పేరులోనే బీచ్ ఉంది కదా దీదీ అన్నారు. బిర్సా తిరిగొచ్చి ఆ చైను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి, సాబే నయం, అడిగి కనుక్కున్నాడు అన్నాడు.

నేను రిటైరయ్యేదాకా ఆ మిషన్ ఫారంలో నడిచింది. చైన్లు ఎన్నో మారాయి. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ దగ్గర డాలీగంజ్‌లో మా కూతురి దగ్గర ఉంటున్నాను. తోటలున్న మా చర్చివాళ్లు కట్టె మిషన్ కొనబోతూ ఏది మంచిదమ్మా అని అడుగుతుంటారు. అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. నాకు తెలిసింది ఇంతే. ట్యాంకు నింపి ఎత్తి చూడండి. మీరు కోసే కట్టె మీదే కోసి చూడండి. మొదటి ముక్కని కాదు, మూడో ముక్కని చూడండి. చైన్ బ్రేకు లేనిదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. చైను మీ బజార్లో దొరకాలి. ఇవన్నీ చూస్తే మధ్యధరదే మిగులుతుంది. అన్నిటికన్నా ముందు, మిషన్ ఎవరు పడతారో వాళ్లనే అడగండి, వాళ్ల గురించి ఇంకొకరికి చెప్పకండి. ఆ తర్వాత నేను మేటుగా ఉన్నన్నాళ్లూ అలాగే చేశాను.

బిర్సా నాకన్నా ముందు రిటైరయ్యాడు. పది వేళ్లతో.