మా అవ్వ పొయ్యి మసి

మట్టిగోడల మధ్యకు దిగివచ్చి మాతో కూర్చున్న ప్రభువుకు స్తోత్రం. ఆయన పేరిట మేము చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ సహించిన ఆయన ఓర్పుకు మరీ మరీ స్తోత్రం.

ఆ రోజుల్లో, యుద్ధం జరుగుతున్న కాలంలో, మాకు కిరసనాయిలు కరువుగానీ కమిటీలకు కరువు లేదు. పూతలపట్టు దగ్గర మా పల్లెలో, గుడి కట్టేదాకా ఆరాధన మా తాత కట్టిన ఇంట్లోనే జరిగింది. కాబట్టి ఆ ఇంటిని జ్ఞాపకార్థం భద్రపరచాలని సంఘం కమిటీ తీర్మానించింది. మంచి మాటే. అయితే ఆ ఇంట్లో మా అవ్వ కాపురముంటోంది. పెరట్లో బోదగడ్డి కప్పిన కొట్టం ఒకటి వేసి ఆమెను అందులోకి మార్చారు. (ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచుతామని చెప్పి, ఏనాడూ సున్నం ఎరగని గోడలకు సున్నం కొట్టారు.)

నేను టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం లేక కూర్చున్నాను. వచ్చినవాళ్లకు ఇల్లు చూపించే పని నాకిచ్చారు. వాక్యం కంఠతా వచ్చిన పిల్లనని నాకు గర్వం. చేతిలో పుల్ల పట్టుకుని ఖాళీ గోడలకు ప్రసంగం చెప్పి అలవాటు చేసుకునేదాన్ని. మంచం మీద తాత కళ్లద్దాలని ఒక జత పెట్టారు. నిజానికవి కమిటీ పెద్దాయన పాతవి. అవ్వ వాటిని తిప్పి తిప్పి చూసింది.

"మీ తాతకు అచ్చరం ముక్క రాదు గదమ్మే. అద్దాలు పెట్టుకోని యేం సదివినాడు?"

"నువ్వూరుకో అవ్వా. సూసేవాళ్లకు బాగుంటాది," అన్నాడు పెద్దాయన.

మద్రాసు నుంచి మిషను దొరగారు ఇల్లు చూడ్డానికి వచ్చే రోజున పెద్దాయనకు ఇంకో ఆలోచన తట్టింది. అవ్వను పిలిపించి, ఆమె వంటింట్లోనే, ఆమె పొయ్యి ముందే కూర్చోబెట్టాడు.

"దొరగారు వచ్చినప్పుడు వండతా ఉన్నట్టు గరిటె తిప్పు. మంట మాత్రం వద్దు. సున్నం మసిబారతాది."

"మంట లేకుండా యేం వండేదప్పా?"

"ఉత్తుత్తికేనమ్మా."

"అబద్ధమాడగూడదని ఆదివారం ఆదివారం నువ్వే గదా సెప్పేది?"

నవ్వాపుకోలేక నేను పుల్ల కొరికాను. అవ్వ నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఈ పొద్దు గడిస్తే నన్ను మళ్లా కొట్టంలోకే పొమ్మంటారా మే?" నా నవ్వు ఆగిపోయింది.

మోటారు చప్పుడు వినబడగానే అందరం దండలు పట్టుకుని బయటికి పరుగెత్తాం. దూరపు పల్లెల నుంచి ఆరాధనకు నడిచి వచ్చినవాళ్లకు ఒకప్పుడు సంగటి పెట్టి పంపింది అవ్వే. ఇంటికొచ్చినవాళ్ల ముందు ఉత్త గరిటె తిప్పడం ఆమెకు చేతగాలేదు. పచ్చికట్టెలు పెట్టి పొయ్యి ముట్టించింది. దొరగారు లోపలికి అడుగుపెట్టేసరికి ఇల్లంతా పొగ. నేను "ప్రియమైన" అని మొదలుపెట్టి, మిగతా ప్రసంగమంతా దగ్గాను. దొరగారు కళ్లు తుడుచుకుంటూ బయటపడ్డారు.

"దొరగారి మనసు కరిగింది," అని పెద్దాయన జనానికి వివరించాడు.

లోపలినుంచి అవ్వ కేక. "యాడికి పొయ్యేది? సంగటి అయిపోవచ్చినాది. కూర్చోండయ్యా!"

మోటారు వెళ్లిపోయింది. పొయ్యి వెనక గోడ నల్లబడింది. పెద్దాయన తలుపుకు తాళం వేసి, "ఇంగ నువ్వీ గడప తొక్కొద్దు," అన్నాడు. అవ్వ సంగటి కుండ ఎత్తుకుని కొట్టంలోకి పోయింది. నాకు ఒక ముద్ద పెట్టి, "ఉప్పు తక్కువైందేమో సూడు," అంది.

ఆ వానాకాలంలోనే, నీళ్లు కారే ఆ కొట్టంలో, అవ్వ ప్రభువు దగ్గరికి పోయింది. తాళం వేసిన ఇంట్లో మాత్రం చుక్క కురవలేదు.

మొన్నీమధ్య వెళ్లి చూశాను. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. పొయ్యి వెనక నల్లటి చోటును మాత్రం అలాగే వదిలి, ముందు తాడు కట్టారు. చేతిలో పుల్లతో ఒక చిన్నమ్మాయి చూపిస్తోంది. నేను చెయ్యి చాపాను.

"తాకొద్దండీ! ఇది తొలి విశ్వాసుల పొయ్యి మసి. దీన్ని చూసి దొరలు కూడా కన్నీళ్లు పెట్టుకున్నారు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దగ్గకుండా చెప్పింది కాబట్టి, నా ప్రసంగం కంటే ఆమెదే బాగుందని ఒప్పుకుని నవ్వుకున్నాను.

చదివే మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నీ పేరిట మేము భద్రపరిచే ఇళ్లలో ఒక పొయ్యి వెలుగుతూ ఉండనివ్వు. దాని ముందు ఒక ముసలమ్మకు చోటుండనివ్వు. ఆమేన్.