తప్పని రాంగ్ నంబర్

మా రుష్దీ బాబాయి ఎవరికి ఫోన్ చేసినా అది ఇంకెవరికో వెళ్లేది. మంగలిని పిలిస్తే మసీదు ఇమాం పలికేవాడు. నా పెళ్లికి బంధువనుకుని కస్టమ్స్ గుమస్తానెవరినో పిలిచాడు. ఆ గుమస్తా నిజంగానే వచ్చి, బాతు మాంసం మళ్లీ మళ్లీ వడ్డించుకుని, దీవించి వెళ్లాడు.

సూయజ్ కాలవలో ఓడలకు దారి చూపే పైలట్లను చేర్చే పడవ నడిపి రిటైరైన మనిషి. ఓడల మధ్య దారి తప్పని వాడు అంకెల మధ్య తప్పిపోయేవాడు. అడిగితే తప్పు తన వేలిది కాదనీ, మా ఊరు పోర్ట్ సయీద్ ఫోను తీగలదనీ అనేవాడు.

ఆ తీగలే తీసేస్తున్నామని కబురొచ్చింది. ఇక మాటలన్నీ ఇంటర్నెట్ మీదేనట. అప్పటికే మా వీధిలో ఫోన్ చేసేవాళ్లు లేరు. అందరూ వాయిస్ మెసేజ్‌లే, ఎదుటివాడు అడ్డు తగలడని. నేను బాబాయికి కొత్త ఫోన్ కొని, అందరి ఫొటోలూ పెట్టి, మొహం మీద వేలు పెడితే ఆ మనిషే పలుకుతాడని చూపించాను.

"ఇక నంబరు తప్పే ప్రసక్తే లేదు బాబాయ్."

"అదేరా దీని రోగం," అన్నాడు.

అని, లేచి పాత ఫోన్ దగ్గరికి నడిచాడు. ఏ నంబరూ సరిగా తిప్పని ఆ వేలు ఈసారి తడుముకోలేదు. చేపల కొట్టేనా అని అడిగాడు. అవతల ఒకావిడ ఉరిమింది. చేపల ధర, గ్యాసు ధర, తన మోకాళ్లు, మగవాళ్ల బుద్ధి, అన్నిటికీ కలిపి తిట్టింది. మంట తగ్గినప్పుడల్లా బాబాయి "క్షమించండమ్మా" అని ఎగదోశాడు. ఫోన్ పెట్టేసి, విందు తిన్నవాడిలా మీసం తుడుచుకున్నాడు. మర్నాడూ అదే నంబరు, అవే తిట్లు.

నిలదీస్తే చెప్పాడు. ఆవిడ బహీజా మదామ్, ఆయనతో పడవలో పనిచేసిన మిత్రుడి భార్య. భర్త పోయాక గుమ్మం దాటలేదు. పరామర్శకు వెళ్లినవాళ్లు పట్టుకెళ్లిన కూర గిన్నెతోనే తిరిగొచ్చారు. ఒకరోజు చేపల కొట్టుకని చేస్తే పొరపాటున ఆవిడ పలికి, తనెవరో తెలియక దులిపేసింది.

"తిట్టేకొద్దీ గొంతులో ప్రాణం వచ్చిందిరా. ఓదార్చేవాళ్లంటే ఆవిడకు పడదు. తిట్టడానికి ఒకడు కావాలి."

తీగలు తెగాయి. కొత్త ఫోన్‌లో చేస్తే పేరూ మొహమూ బయటపడతాయి. బాబాయి కాఫీ హోటల్లో చల్లారిన టీ ముందు దిగులుగా కూర్చునేవాడు. వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను.

"రాంగ్ నంబర్‌కి ఎవడైనా మెసేజ్ పెడతాడురా?"

ఒక మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేస్తుండగా ఆయన కొత్త ఫోన్ మోగింది. తలకిందులుగా పట్టుకుంటే నేనే సరిచేసి ఇచ్చాను. బహీజా మదామ్. తనే గుమ్మం దాటి, చేపల కొట్టుకు నడిచి వెళ్లి, ప్రతి మాటకూ ముందు దగ్గే బొంగురు గొంతు మనిషెవరని అడిగిందట. రోజూ చేపలు కొనేవాడు కనుక వాళ్లు వెంటనే పేరూ, ఆయనిచ్చిన కొత్త నంబరూ చెప్పేశారట.

"మీరు వాళ్లకి ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదటగా," అంది.

బాబాయి దగ్గాడు.

"మరి నాకెందుకు మానేశారు?"

"కొత్త ఫోనమ్మా. దీన్లో తప్పు చెయ్యడం ఇంకా చేత కావడం లేదు."

అవతల ఆవిడ, ఆ కొట్టులో తను కొన్న చేపలు ఎంత పాచివో చెప్పి తిట్టడం మొదలుపెట్టింది. బాబాయి అన్నం పళ్లెం పక్కకు జరిపి, కుర్చీలో సుఖంగా వెనక్కి వాలాడు.